గడప లోపల ఒలికిన నీళ్లు

ఆగస్టు పదకొండో తేదీ ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు, వేలూరులో ఒక లాడ్జి మొదటి అంతస్తు గదిలో, నా మొట్టమొదటి విద్యార్థిని ఎదుట నేను నోటుపుస్తకం తెరిచాను. ఆమె వయస్సు నా వయస్సుకు రెండింతలకు పైనే ఉంటుంది. అజర్‌బైజాన్ నుంచి భర్తను వైద్యానికి తీసుకొని వచ్చారు. తమ దేశంలో డాక్టర్లు ఇక చేయగలిగినది లేదని చెప్పిన తరువాత, వేలూరులో వైద్యం బాగుంటుందని ఎవరో చెప్పగా విని ఇంత దూరం బయలుదేరారు. ఆమెకు తన భాష వచ్చు, రష్యన్ వచ్చు. ఇంగ్లీషు మాత్రం విడి మాటలు కొన్నే వచ్చు. డాక్టరు చెప్పేది ఫోను అనువదిస్తే వినడం కాక, తన చెవులతో తానే అర్థం చేసుకోవాలని, అడగవలసినది తన నోటితో తానే అడగాలని ఆమె కోరిక. ఆ కోరిక అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేది: భర్త బతుకుతారా, బతకరా.

ఆ పనికి నన్ను కుదిర్చినది మా అత్త, అంటే మా నాయన చెల్లెలు. ఆ లాడ్జిలో గదులు చిమ్మి తుడిచే పని ఆమెది. మాది గుడియాత్తం. మా వాళ్లంతా కట్టడం పని చేసేవాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా కుటుంబంలో డిగ్రీ చదివినది నేనొక్కతెనే, అదీ ఇంగ్లీషు సాహిత్యం. తెలుగు అక్షరాలను డిగ్రీ పూర్తయిన తరువాత, చిత్తూరు నుంచి తెప్పించుకున్న ఒకటో తరగతి వాచకంతో నేర్చుకున్నాను. అందుచేత నేను రాసే తెలుగు మా ఇంట్లో మాట్లాడే తెలుగులా ఉండదు.

"మా అన్న కూతురు ఇంగిలీసులో బీయే చేసుండాది సార్. ఆయమ్మకి బాగా నేర్పిస్తాది," అని అత్త మేనేజరుతో చెప్పిందట. నాతో మాత్రం వేరుగా చెప్పింది. "చూడు పాపా, నువ్వు చదివింది ఒకరికన్నా పనికి రావల్ల. లేకుంటే మీ నాయన సిమెంటు మోసి చదివించినదానికి అర్థం యాడుండాది?"

గుడియాత్తంలో ఆరున్నర బస్సు ఎక్కి, కే.వి.కుప్పం మీదుగా వేలూరు చేరి, లాడ్జి మెట్లెక్కేసరికి ఎనిమిది దాటేది. బస్సులో నేను ఆమె భాషను గురించి ఫోనులో వెతికి చదువుకునేదాన్ని. ఒక సంగతి నాకు చాలా ఆశ్చర్యం కలిగించింది. ఒక పని దేనికి చేస్తున్నామో చెప్పేటప్పుడు ఆమె భాష, మన తెలుగు ఒకే వరుసలో నడుస్తాయి. 'డాక్టరును చూడడం కోసం వచ్చాను' అని మనం అంటాము. వాళ్లు కూడా ముందు డాక్టరును, తరువాత చూడడాన్ని, ఆ తరువాత 'కోసం' అన్న మాటను, చివరకు రావడాన్ని చెబుతారు. మన 'కోసం' ఉండే చోట వాళ్లకు ఒక మాట ఉంది. నా చెవికి అది 'ఉచున్' అని వినిపించేది. ఇంగ్లీషులో ఈ వరుస తిరగబడుతుంది. వచ్చానని ముందు చెప్పాలి, ఎందుకు వచ్చానో తరువాత చెప్పాలి. మొదటి రోజు ఆమె చెప్పిన వాక్యం 'ఫర్ సీ డాక్టర్ ఐ కేమ్'. పదకొండో తరగతిలో నేను రాసి మార్కులు పోగొట్టుకున్న వాక్యం కూడా సరిగ్గా అలాంటిదే. ఆ క్షణంలో ఆమె నాకు పరాయి మనిషిగా అనిపించలేదు.

కాగితం మీద నిలువుగా గీత గీసి, ఒక పక్క 'టు', ఇంకొక పక్క 'ఫర్' అని రాసి ఇచ్చాను. చేసే పని చెప్పాలంటే 'టు', కావలసిన వస్తువు చెప్పాలంటే 'ఫర్'. 'ఐ కేమ్ టు సీ ద డాక్టర్.' 'ఐ కేమ్ ఫర్ మెడిసిన్.' ఆమె వాటిని గోడకు అంటించుకొని, వంట చేస్తూ పైకి చదువుకునేవారు. మూడవది ఒకటి ఉంది, 'సో దట్'. మనం ఒక పని చేయడం వల్ల ఇంకొకరికి ఏదో జరగాలని చెప్పడానికి అది కావాలి. ఆయన నిద్రపోవాలని నేను తలుపు మూశాను, అన్నటువంటి మాటలకు. అందులో ఇద్దరు మనుషులు, రెండు పనులు ఉంటాయి కనుక ఆమెకు అప్పుడే కష్టమని తలచి, నోటుపుస్తకం చివరి పేజీలో 'సో దట్, తరువాత' అని రాసుకున్నాను. పాఠం ఒక పద్ధతి ప్రకారం నడవాలన్న పట్టుదల నాకు ఉండేది.

పాఠానికి ముందు ఆమె పాలు లేని టీ పోసి ఇచ్చేవారు. చక్కెరను అందులో కలపరు. చక్కెర గడ్డను పళ్ల మధ్య పెట్టుకొని, దాని మీదుగా టీ తాగుతారు. అత్తకు అది రోజూ కొత్త వింతే.

"పాలూ లేదు, కలిపిన చక్కెరా లేదు. ఇదేం టీ తల్లీ, కషాయం మాదిరి ఉండాది," అనేది తలుపు దగ్గర చీపురు పట్టుకొని.

ఆమె భర్త మంచం మీద దిండుకు ఆనుకొని మా పాఠం వినేవారు. రైలు ఇంజను నడిపి రిటైరైన మనిషి. చెంపలు లోపలికి పోయి ఉన్నా నవ్వు పోలేదు. అత్త ఆయన గ్లాసులో నీళ్లు పోసేటప్పుడల్లా "సాలా అప్పా?" అని అడగడం విని, ఆయన ఆ ఒక్క మాట నేర్చుకున్నారు. గ్లాసు మీద అరచేయి అడ్డం పెట్టి "సాలు" అనేవారు.

"చూసినావా పాపా, ఈయప్పకి మన మాట వచ్చేసినాది! నీ కంటే నేనే మంచి టీచర్ని. వచ్చే వారం నాతో కొట్లాడతాడు చూడు," అని అత్త పొంగిపోయేది.

అత్త పనిలో ఒక నియమం ఉండేది. ఆపరేషనుకు ఎవరైనా గది విడిచి బయలుదేరితే, వాళ్లు ఆసుపత్రిలో చేరారన్న కబురు వచ్చేదాకా ఆ గదిని గాని, దాని ముందు వరండాను గాని ఆమె చిమ్మదు, తడిగుడ్డ వేయదు. మేనేజరు కసురుకున్నా వినదు. "మనిషి పోతానే వెనకాల నీళ్లు పోసి కడిగేది ఎప్పుడు సార్? మీకు తెలీనిదా?" అని ఎదురడిగితే ఆయన నోరు మూసుకునేవాడు. మా ఇళ్లల్లో శవం లేచిన తరువాతే వెనుక నుంచి గడప కడుగుతారు. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా నాయన పని చేసే కట్టడం మీద నుంచి పడి చనిపోయారు. ఆయనను తీసుకొని పోయిన తరువాత బిందె ఎత్తి గడప మీద కుమ్మరించినది ఈ అత్తే. సిమెంటు మీద ఆ నీళ్లు పడిన చప్పుడు నన్ను విడిచిపెట్టలేదు.

మూడో వారంలో డాక్టరును కలవడానికి నన్ను కూడా వెంట తీసుకొని పోయారు. ఆమె అడగవలసిన వాక్యాన్ని వారం రోజులుగా సాధన చేశారు. గదిలో కూర్చోగానే తప్పు లేకుండా అడిగారు: "వాట్ ఈజ్ దిస్ ఆపరేషన్ ఫర్?"

డాక్టరు నెమ్మదస్తుడు. ఆమెకు అర్థం కావాలని ఒక్కొక్క మాటను విడదీసి చెప్పారు. "టు రెడ్యూస్ హిజ్ పెయిన్." ఆమె రాసుకున్నారు. "టు హెల్ప్ హిమ్ ఈట్ ఎ లిటిల్." అదీ రాసుకున్నారు. నొప్పి తగ్గించడానికి, కాస్త తినగలగడానికి. ఆమె కలం ఎత్తి పట్టుకొని మూడవ 'టు' కోసం ఎదురు చూశారు. అది రాలేదు. ఆపరేషనులోనే ప్రమాదం ఉందని కూడా డాక్టరు దాచకుండా చెప్పారు. నేను విడమరిచి చెప్పవలసిన అవసరం ఏమీ రాలేదు. నేర్పిన పాఠం అంత బాగా పట్టుబడినందుకు బాధపడిన గురువు ఇంకెవరైనా ఉంటారేమో నాకు తెలియదు.

లాడ్జి మెట్ల దగ్గర ఆమె ఆగారు. "టు లివ్," అన్నారు. కాసేపటికి, "డాక్టర్ నాట్ సే."

"నో," అన్నాను. గదిలో ఆయన ఏదో అడిగారు, ఆమె తమ భాషలో చాలాసేపు చెప్పారు. ఆయన తల ఊపి, టీ అడిగారు.

ఆపరేషనుకు చేర్చవలసిన రోజు ఉదయం తొమ్మిదింటికి లాడ్జి ముందుకు రెండు ఆటోలు వచ్చాయి. ముందు ఆటోలో ఆయన, మేనేజరు పోవాలని, సంచులతో మేమిద్దరం వెనుక పోవాలని ఏర్పాటు. ఆయన ఒక్కొక్క మెట్టు దిగి వచ్చి కూర్చున్నారు. ఆమె స్టీలు జగ్గు నిండా నీళ్లు పట్టుకొని గడప దగ్గర నిలబడ్డారు. ఆయనకు తాగడానికి ఇస్తారని అనుకున్నాను. ఆటో కదిలింది. ఆమె జగ్గును రెండు చేతులతో పైకి ఎత్తారు.

"అయ్యయ్యో! పాపా, నీళ్లు! ఆయమ్మ నీళ్లు పోస్తా ఉండాది, పట్టుకో!" అని మెట్ల మీద నుంచి అత్త అరిచింది.

అత్త అరవకముందే నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఆమె లాక్కున్నారు. నేను విడవలేదు. "నో, నో. హియర్, నాట్ గుడ్," అన్నాను. "ఫర్ హిమ్," అన్నారు ఆమె. "ఫర్... ఫర్ కమ్... హి..." అంతటితో ఆమెకు వచ్చిన ఇంగ్లీషు అయిపోయింది. దేనికి అని నేను అడగలేదు. మూడు వారాలుగా దేనికి, ఎందుకు అని అడగడమే నేర్పిన దాన్ని, ఆ ఒక్కసారి అడగలేదు. జగ్గు ఒరిగి నీళ్లన్నీ గడప లోపల, మా ఇద్దరి పాదాల మీద ఒలికాయి. వీధిలో ఒక్క చుక్క కూడా పడలేదు.

ఆటోలో నుంచి ఆయన వెనక్కి తిరిగి, జగ్గు కోసం పెనుగులాడుతున్న మమ్మల్ని చూశారు. ఏమి అనుకున్నారో, నవ్వి, అరచేయి ఎత్తి, "సాలు, సాలు," అన్నారు. ఆటో మలుపు తిరిగింది.

ఆమె జగ్గును కింద పెట్టి, నేను గురువును కనుక కాబోలు, నాతో "సారీ" అన్నారు. ఆ నీళ్లను అత్త తుడవలేదు. నియమం ప్రకారం అవి వాటంతట అవే ఆరిపోయాయి.

ఆపరేషను అయిన నాలుగో రోజు తెల్లవారుజామున ఆయన పోయారు. ముందే చెప్పిన ప్రమాదమే జరిగింది. ఎవరి పొరపాటూ లేదు.

దేహాన్ని స్వదేశానికి పంపే కాగితాలు రావడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ మధ్యలో ఒక రోజు, పాఠం వేళకు రమ్మని ఆమె కబురు చేశారు. పోయేసరికి టీ పోసి ఉంచారు. ఫోనును మా మధ్య పెట్టి, తమ భాషలో మాట్లాడారు. ఇంగ్లీషులో తెర మీద వచ్చినది చదివాను. తమ వైపు, ఎవరైనా ప్రయాణం బయలుదేరితే వెనుక నీళ్లు చల్లుతారట. దారి నీటిలా సాఫీగా సాగాలని, పోయిన మనిషి తిరిగి ఇంటికి రావాలని. స్వదేశంలో బయలుదేరిన రోజున ఆమె అక్క చల్లారు. ఇక్కడ చల్లడానికి ఆమె తప్ప ఎవరూ లేరు.

నేను మా వైపు వాడుక చెప్పాను. మా నాయన సంగతి కూడా చెప్పాను. ఆమె తెరను రెండుసార్లు చదివి, "యువర్ ఫాదర్, వాటర్, ఆఫ్టర్," అన్నారు. అవునన్నాను. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తరువాత తెర మీద, తిరిగి రావాలని అన్న చోట వేలు పెట్టి, "విచ్ వర్డ్?" అని అడిగారు. నోటుపుస్తకం చివరి పేజీ తిప్పి చూపించాను. ఆమె ఒక్క తప్పు లేకుండా రాశారు: 'ఐ త్రో వాటర్ సో దట్ హి కమ్స్ బ్యాక్.' కాసేపు దానినే చూసి, కింద ఇంకొకటి రాశారు. 'ఐ నాట్ త్రో.' దానిని నేను దిద్దలేదు.

కిందికి రాగానే అత్త నన్ను ఆపింది. "ఏమంటాది పాపా ఆయమ్మ?"

చెప్పాను. అత్త చీపురు పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుంది. "చల్లుంటే మాత్రం వచ్చుంటాడా? డాక్టరే ముందుగా చెప్పేసినాక?" అన్నది. తనే మళ్లీ, "అయినా చల్లనిచ్చుండాల్సింది. మనదేం పోయింది, చెంబెడు నీళ్లే కదా. చానా పాపం పాపా, రొంబ పాపం," అన్నది. అరిచినది తానేనని, పట్టుకున్నది నేనేనని మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట మేము ఎప్పుడూ పైకి అనుకోలేదు.

ఆమెను చెన్నై విమానాశ్రయానికి తీసుకొని పోయే కారు వచ్చిన రోజున, నేను అదే జగ్గును నింపుకొని గడప దగ్గర నిలబడ్డాను. కారు కదిలింది. నా చేతులు లేవలేదు. ఈ ఊరికి ఆమె తిరిగి రావాలని ఏ మొగంతో కోరుకోను? వచ్చినా ఇక్కడ ఆమెకు ఏమున్నది? జగ్గును లోపలికి తీసుకుపోయి పెట్టేశాను.

ఆ తరువాత మారినది ఇది. నేను పాఠాలు చెప్పడం మానివేశాను. ప్రస్తుతం ఆంబూరులో, చెప్పులు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు రాస్తున్నాను. అత్త అదే లాడ్జిలో పని చేస్తోంది. ఆపరేషనుకు బయలుదేరిన వాళ్ల గదులను ఇప్పుడు వెంటనే కడిగివేస్తోంది. కబురు కోసం కాచుకోవడం లేదు. అడిగితే, "ఆయమ్మ చెప్పినట్ల, పోయినోళ్లు తిరిగి రావల్లని పాపా," అంటుంది.