పడుకున్న జిరాఫీ

బస్టాండులో విచారణ కిటికీ వెనక ముప్ఫై ఏళ్లు కూర్చున్న మనిషి నోట “తెలీదు” అన్న మాట రాదు. రాకూడదు కూడా. కిటికీ అవతల చంకన పిల్లల్ని, చేతుల్లో సంచుల్ని మోస్తూ జనం బారులు తీరి ఉంటారు. ఒకడి దగ్గర తడబడితే వెనకవాళ్లు గోల చేస్తారు. అందుకని ఆయన ఒక కిటుకు పట్టాడు. తెలిసినది మామూలుగా చెప్పాలి, తెలియనిది ఇంకాస్త గట్టిగా చెప్పాలి. “ఎడమ పక్క చివరిది, ఇదిగో కదిలిపోతోంది” అంటే చాలు, అడిగినవాడు సంచీ ఎత్తుకుని పరుగో పరుగు. ఒకవేళ తప్పయితే? బస్సెక్కి పోయినవాడు వెనక్కొచ్చి పోట్లాడతాడా ఏమన్నానా! అబద్ధమాడినా అతికినట్టుండాలని పెద్దలు ఊరికే అన్నారా?

రిటైరయ్యాక కిటికీ మూతపడింది కానీ నోరు మూతపడలేదు. పక్కింటివాళ్ల మోటారు ఎందుకు ఆగిందో, రేపు వాన ఏ వేళకు పడుతుందో అడిగినా అడక్కపోయినా చెప్పేవాడు. వీధిలో పిల్లలు ఆయనకి ‘ఎంక్వైరీ తాతయ్య’ అని పేరు పెట్టేశారు. ఆయనకి ఆ పేరు ఇష్టం కూడానూ. ఆయన భార్య మాత్రం ఏది చెప్పినా ఒక చెవితో విని రెండో చెవితో వదిలేసేది. కాపురం నిలబడాలంటే అంతకన్నా మార్గం లేదని ఆవిడ ఎప్పుడో తేల్చుకుంది.

రెండు చెవులతోనూ వినే మనిషి ఒక్కతే ఉంది. కూతురి కూతురు, రెండో తరగతి. ఒట్టి వసపిట్ట, అందుకే ఇంట్లో పేరు కూడా అదే అయి కూర్చుంది. కూతురు ఆసుపత్రిలో నర్సు. ఆదివారాలు డ్యూటీ పడితే పిల్లని తాతయ్యకి అప్పజెప్పి పోయేది, ఈయన జూకి తీసుకుపోయేవాడు.

జూ అంటే ఐస్‌క్రీము తిని తిరిగిరావడం కాదని ఆయన సిద్ధాంతం. పిల్లలు వెళ్ళినందుకు నాలుగు ముక్కలు నేర్చుకుని రావాలి. ఒక్కో బోను ముందు ఆగడం, ఒక విషయం చెప్పడం, పిల్ల చేత తిరిగి చెప్పించడం, పదపదమంటూ ముందుకు సాగడం. స్టాపులో బస్సు ఆగినంతసేపే ఆగేవాడు. చెప్పినవాటిలో సగం బోర్డు మీదవి. మిగతా సగం ఆయన బుర్రలోంచి అప్పటికప్పుడు దిగినవి. ఎలుగుబంటికి ఎడమచెవి వినపడదన్నాడు. జీబ్రా చారలు వానకి కొంచెం వెలిసిపోతాయన్నాడు. జిరాఫీ దగ్గరికొచ్చేసరికి ఇంకా ధాటీగా, అది పుట్టిన దగ్గర్నుంచి పడుకోదనీ, పడుకుందంటే ప్రాణం పోతున్నట్టే లెక్క అనీ చెప్పాడు.

వసపిట్ట ఆ మాట బళ్లో చెప్పింది. నీకెవరు చెప్పారని టీచరు అడిగితే, మా తాతయ్య, ఆయనకి తెలియనిది లేదు అందట. అలాగా, ఈసారి వెళ్ళినప్పుడు బాగా చూసొచ్చి సోమవారం మళ్లీ చెప్పు అని టీచరు నవ్విందట. ఇంటికొచ్చి పిల్ల ఇదంతా చెబుతుంటే ఆయనకి లోపల చిన్న ముల్లు గుచ్చుకుంది. ఆయన మాట నిజమో కాదో చూసి రమ్మని ఎవరైనా అనడం అదే మొదలు. అయినా తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషికి ఆ దిగులు ఎంతసేపు? అన్నం తినేలోపే మరిచిపోయాడు.

ఆదివారం ఈసారి భార్య కూడా బయల్దేరడంతో ముగ్గురూ వెళ్లారు. జిరాఫీ కనబడగానే పిల్ల ఆగిపోయింది. అది నేలమీద ఉంది. పొడుగు కాళ్లు పొట్టకింద మడుచుకుని, మెడ ఒక్కటి పైకి పెట్టుకుని పడుకునుంది.

పిల్ల కింది పెదవి వణికింది. “తాతయ్యా, చచ్చిపోతోందా?”

ఆయన తేరుకునేలోపే పిల్ల వెక్కివెక్కి ఏడుస్తూ, పక్కనున్న పెద్దమనిషి చొక్కా పట్టుకుని డాక్టర్ని పిలవమని బతిమాలుతోంది. ఆ పెద్దమనిషి ఏమీ అర్థంకాక తాతయ్యవైపు చూశాడు. జిరాఫీ తప్ప అక్కడున్న అందరూ ఈయనవైపే చూశారు.

జవాబు లేదని కాదు. ఉంది, నాలుక చివర సిద్ధంగా ఉంది. ఇది వేరే జాతి తల్లీ, ఈ జాతివి ఆదివారాలు పడుకుంటాయి, అంటే సరి. అతికినట్టు సరిపోయేది. అనడానికి నోరు తెరిచాడు కూడా. పిల్ల ఏడుపు ఆపి, తడిసిన మొహం పైకెత్తి, ఆయన నోటివైపే చూస్తోంది. ఏం చెప్పినా నమ్మడానికి సిద్ధంగా ఉంది. ఆ నమ్మకం చూసి ఆయనకి భయం వేసింది. ఇది బస్సెక్కి పోయే మనిషి కాదు. రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది, తను చెప్పిందే పట్టుకుని బళ్లో నిలబడుతుంది. నిజం చెబితే మాత్రం, ఇక జన్మలో తన మాట నమ్ముతుందా?

మోకాళ్లు కలుక్కుమంటున్నా కింద కూర్చున్నాడు.

“జిరాఫీలు పడుకోవని నేనే ఊరికే చెప్పాను తల్లీ, కల్పించి. అది ఎందుకు పడుకుందో నాకు తెలీదు.”

అని జిరాఫీ వైపు తిరిగాడు. ఇన్నాళ్లూ బోర్డులు చూశాడే గానీ జంతువుని చూసిన పాపాన పోలేదు. దాని దవడ అటూ ఇటూ ఆడుతోంది. తీరుబడిగా నెమరు వేస్తోంది. పిల్లకి చూపించాడు.

వసపిట్ట చాలాసేపు చూసింది. ఆయన తేలు కుట్టిన దొంగలా తీర్పు కోసం ఎదురుచూశాడు.

“అయితే దానికేం కాలేదా?”

“ఏం కాలేదు. బాగానే తింటోంది.”

అంతే. పిల్ల ఆయన చొక్కా చేతికే ముక్కు తుడుచుకుని పకపకా నవ్వేసింది. తాతయ్య అబద్ధమాడాడన్న సంగతి దానికి పట్టనే లేదు, జిరాఫీ బతికుంది చాలు. ముప్ఫై ఏళ్లుగా కాపాడుకొచ్చిన పరువు పోతే ఇంత హాయిగా ఉంటుందని ఆయనకి ఎవరు చెప్పారు? బస్సు మీది మూటలన్నీ దించేసిన కూలీలా ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడే ఇంకో ప్రశ్న. అంత పొడుగు కాళ్లేసుకుని ఎలా లేస్తుంది, ముందు ఏ కాళ్లు లేపుతుంది అని. అలవాటుగా ఆయన నోరు తెరుచుకుంది. మళ్లీ మూసుకుంది.

“తెలీదు. కూర్చుని చూద్దాం.”

భార్య చేతిలో సంచీ కింద పెట్టేసింది. “ఈ ఒక్క మాట వినడానికి ఇన్నేళ్లు కాపురం చెయ్యాల్సొచ్చిందండీ” అంది.

పందెం కట్టుకున్నారు. ముందుకాళ్లని ఆయన, వెనకకాళ్లని పిల్ల. బెంచీ మీద కూర్చుని బిస్కెట్లు తిన్నారు. జిరాఫీకి తొందరేం లేదు. ఈలోగా దాని నాలుక నల్లగా ఉందని పిల్ల కనిపెట్టింది, కొమ్ముల చివర వెంట్రుకలున్నాయని అమ్మమ్మ కనిపెట్టింది. చివరికి లోపలి తలుపు తెరుచుకుని ఎవరో ఆకుల మోపు తెచ్చారు. జిరాఫీ మెడ వెనక్కి ఊపి, ముందు మోకాళ్ల మీదికి లేచి, వెనకకాళ్లు నిటారుగా చాపింది. ముందుకాళ్లు ఆ తరవాతే. పిల్ల గంతులేసింది. ఆయన కూడా చప్పట్లు కొట్టాడు. ఓడిపోయి అంత సంబరపడ్డ మనిషిని ఆవిడ అదే చూడటం.

ఇంటికెళ్లే బస్సులో వసపిట్ట ఒక్కొక్కటే తవ్వింది. ఎలుగుబంటి చెవి? అదీ నేనే కల్పించానన్నాడు. జీబ్రా చారలు? అదీనూ. చెప్పిన కొద్దీ ఆయనకి మనసు తేలికపడింది. కానీ ఒక్కటి మిగిలింది.

“సోమవారం టీచరుకి ఏం చెబుతావు తల్లీ?”

“మా తాతయ్యకి తెలీదు, అందుకని ముగ్గురం కూర్చుని చూశాం అని చెబుతా.”

ఆయనకి తెలియనిది లేదని చెప్పినప్పుడు ఎంత గొప్పగా చెప్పిందో, ఇదీ అంత గొప్పగానే చెప్పింది. ఆయనకి కళ్లు చెమర్చాయి. కిటికీలోంచి దుమ్ము పడిందని భార్యతో అన్నాడు. ఆవిడ నమ్మలేదు, కానీ ఈ ఒక్క అబద్ధానికి ఏమీ అనలేదు.

“తాతయ్యా, వచ్చే ఆదివారం మనకి ఏది తెలీదు?”

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇల్లు వచ్చినా ఆ లెక్క తరగలేదు.