పట్టమ్మాళ్ చేతులకు ఉడుకునీళ్లు

తమిళనాట అరుప్పుక్కోట్టైలో, తెలుగువాళ్ల నేతవీధిలో పడుగు అతకాలంటే పట్టమ్మాళే రావాలి. పాత పోగు కొసను కొత్త పోగుతో కలిపి, వేళ్లకు బూడిద రాసుకుని ఒక్క మెలి పెడితే ముడి లేకుండానే అతుక్కునేది. కళ్లు మూసుకునైనా అతుకుతానని గొప్పలు పోయేది. అందులో అబద్ధమేమీ లేదు.

అరవై దాటాక మార్గళి నెల చలికి ఆ వేళ్లకొసలు తెల్లబడి మొద్దుబారసాగాయి. పోగు పట్టుకున్నదీ లేనిదీ తెలిసేది కాదు. ఒకరోజు ఆ వీధి నేతగాడు కుమరేశన్ మగ్గం మీద ఆమె అతికిన పోగులు పదింటికి నాలుగు ఊడిపోయాయి. పెద్దమనిషని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే ఆమె గుండెలో గుచ్చుకుంది.

కోవిల్‌పట్టి డాక్టరమ్మ చూసి, వేళ్లకు నెత్తురు సరిగా అందడం లేదు, వెచ్చగా ఉంచుకోమంది. తిరుగు బస్సులో దిగులుగా కూర్చుంటే పక్కసీటామె ఫోనులో తెలుగు మాట్లాడింది. ఇంకేముంది, నాలుగు స్టాపులు దాటకముందే వదినలైపోయారు. ఆమె కృష్ణమ్మాళ్, రైతుమనిషి. చేలో వెయ్యి అడుగుల బోరు వేస్తే ఉడుకునీళ్లు పడ్డాయట, ఉప్పగా, గంధకం వాసనతో. పైరుకు పనికిరావని వాళ్లాయన అలిగి కూర్చున్నాడట. ఆమెతోపాటే దిగి, ఆ బోరు తొట్టిలో చేతులు ముంచి కూర్చుంది పట్టమ్మాళ్. వేళ్లలో చీమలు పాకినట్టయి, మెల్లగా ప్రాణం వచ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

అప్పటినుంచి భర్త శివరామన్ రోజు విడిచి రోజు బస్సెక్కి రెండు క్యాన్లలో ఆ నీళ్లు తెచ్చేవాడు. అసలే మోకాళ్ల నొప్పుల మనిషి. ఇల్లు చేరేసరికి చల్లారిన నీళ్లను మళ్లీ కాచి గంగాళంలో పోసేవాడు. ఆమె చేతులు ముంచి, తుడుచుకుని, బూడిద రాసుకుని మగ్గానికి వెళ్లేది. పోగులు నిలిచాయి.

మొన్న ఆయనకు బస్సు తప్పింది. కొళాయి నీళ్లే కాచి, పిడికెడు ఉప్పు వేసి, ఏమీ ఎరగనట్టు తెచ్చి పెట్టాడు. నలభై ఏళ్ల కాపురంలో అబద్ధమాడడం ఒక్కటే నేర్చుకోలేదు పాపం. గంధకం వాసన లేదని ముంచకముందే ఆమెకు తెలిసిపోయింది. తనూ ఏమీ ఎరగనట్టే ముంచింది. వెళ్లి, పొద్దుగుంకేదాకా కుమరేశన్ మగ్గం మీద పడుగు అతికింది. ఒక్క పోగూ ఊడలేదు.

ఇంటికొచ్చి ఆయన మోకాళ్లకు నూనె రాయడానికి కూర్చుంది.

"రేపటినుంచి బస్సెక్కవద్దు. ఈ కాళ్లతో ఎందుకంత అలైచ్చల్, ఈ తిరుగుడు? మన కొళాయి నీళ్లే కాచి పెట్టండి, చాలు. ఉప్పు కూడా వద్దు."

దొరికిపోయిన శివరామన్ తల దించుకున్నాడు. మోకాళ్ల మీద ఆమె వేళ్లు వెచ్చగా ఉన్నాయి.