శబ్దం తీసేసిన పాట

ఇన్నేళ్లుగా ఒక పాట నా గుండెల మీద కూర్చుని ఉంది. నేనెన్నడూ వినని పాట. ఎవరూ వినకుండా చేసినవాణ్ణి కూడా నేనే.

తెలంగాణ ఉద్యమాన్నంతా నా భుజాన కెమెరా పెట్టుకుని తీశానని, బాష్పవాయువులో కూడా చెయ్యి వణకలేదని మా నల్లగండ్ల అపార్ట్‌మెంటులో చాలామందికి చెప్పాను. మీకూ చెప్పేవాణ్ణే. అబద్ధం. మాదాపూర్‌లోని నా ఎడిటింగ్ గది దాటి నేను బయటికే రాలేదు. కెమెరా నర్సింహది. పెళ్లిళ్లకు అతను వీడియో తీసేవాడు, నేను ఎడిటింగ్ చేసేవాణ్ణి. అతనిది మెదక్ వైపు. నాది తెనాలి.

రాయదుర్గం దారిలో వంటావార్పు జరిగిన రోజు ఆఫీసు బస్సులన్నీ ఆగిపోయాయి. జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిన్నారు. నర్సింహ భార్య ఎల్లమ్మ గంటె చేత పట్టుకుని పాట అందుకుందట. అప్పటికప్పుడు తనే కట్టిన పాట. నర్సింహ అదంతా తీసి, నేరుగా వచ్చి కెమెరా మెమరీ కార్డు నా చేతిలో పెట్టాడు.

"ఇది మీ ఆంధ్ర పెండ్లి కాదన్నా, మా లొల్లి. నీ కంప్యూటర్ తట్టుకుంటదా?" అని నవ్వాడు.

తట్టుకోదు, నిజమే. ఆ కెమెరా ఫైళ్లను నేరుగా పెడితే బొమ్మ రెండడుగులు నడిచి ఆగిపోయేది. అందుకని ముందు వాటిని వేరే రూపంలోకి మార్చుకుని, ఆ తర్వాతే ఎడిటింగ్ మొదలుపెట్టేవాణ్ణి. పెళ్లి వీడియోల్లో అసలు శబ్దం ఎవరిక్కావాలి? ఎలాగూ పైన సినిమా పాటలు వేస్తాం. పని త్వరగా అవుతుందని, మార్చేటప్పుడే శబ్దం తీసేసేవాణ్ణి. ఆ రోజూ చెయ్యి తన అలవాటు కొద్దీ అదే చేసింది. మర్నాటి పెళ్లికి కార్డు కావాలి. బొమ్మ సాఫీగా ఆడుతోందని చూసుకుని, కార్డు తుడిచేశాను.

సాయంత్రం నర్సింహ వచ్చి తెర ముందు కూర్చున్నాడు.

"అన్నా, ఆవాజ్ ఏది?"

"మైకు వైరు వదులైనట్టుంది నర్సింహా. నువ్వు చూసుకోలేదేమో."

"మంచిగనే పెట్టిననే! జర మళ్లొకసారి చూడన్నా."

చూసినట్టు నటించాను. లేదన్నాను.

"ఇగ నేనే సరిగ్గ చూసుకోలేదేమో. ఇంటికి పోయి ఎల్లమ్మకేం చెప్పాలె?"

అప్పుడే ఎందుకు ఒప్పుకోలేదు? ఆంధ్రావాడు మా పాట తుడిచేశాడంటారని భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ పెంచి చెప్పుకున్నదే. నర్సింహ అలా అనేవాడు కాదు. తిట్టి, టీ తాగించి, మళ్లీ తిట్టేవాడు. సైబరాబాద్ మొత్తం మీద నా అంత ఎడిటర్ లేడని కొట్టుకున్న సొంత డబ్బా అతని ముందు బద్దలవుతుందని, అదీ నా అసలు భయం. అంత చిన్నదాని కోసమా? అవును. అంత చిన్నదాని కోసమే.

ఎల్లమ్మ ఆ పాట మళ్లీ పాడలేదు. అడిగితే, మాటలు ఆ పొయ్యి కాడనే పోయినయి అనేదట. రాష్ట్రం రాకముందే జ్వరంతో దవాఖానకు వెళ్లి, తిరిగి రాలేదు. నర్సింహ కెమెరా అమ్మేశాడు. "వైరు గూడ చూసుకోనోనికి కెమెరా ఎందుకన్నా," అన్నాడు. ఆ ఒక్క క్షణం నేను నోరు తెరిచి ఉంటే అతని చేతిలో కెమెరా మిగిలేది.

ఆ మూగ బొమ్మ ఇంకా నా దగ్గరుంది. పొగలో ఎల్లమ్మ గంటె ఎత్తుతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడతారు. ఆమె పెదాల మీంచి ఒక్క మాటైనా ఏరుకోవాలని కూర్చుంటాను. 'నీళ్లు' అందనుకుంటాను. మర్నాడు చూస్తే అదే 'ఇల్లు' అవుతుంది. వాళ్లింటికి వెళితే "చాయ్ తాగి పో అన్నా" అనే గొంతు నాకు తెలుసు. పాడే గొంతు తెలియదు. ఈ వయసులో నాకింకేం వినాలని లేదు, అదొక్కటి తప్ప.

ఇదంతా నర్సింహకు చెప్పేశానని, అతను నన్ను కావలించుకున్నాడని ఇక్కడ రాద్దామనుకున్నాను. వాక్యం కూడా తయారైంది. కానీ చెప్పలేదు. ముందు మీతో అంటే నోరు అలవాటు పడుతుందేమోనని రాస్తున్నాను. ఎల్లమ్మ పాడింది. నర్సింహ మైకు సరిగ్గానే పెట్టాడు. శబ్దం తీసేసింది నేను.

ఈ మూడు మాటలూ నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి. ఊపిరి కాస్త ఆడుతోంది.