కుక్క పేరు రాసిన ఫోటో

ఫోటో సంగతి మాకు మొదట చెప్పింది సింగపూర్‌లో, క్లెమెంటిలోని మా ఇంట్లో గది అద్దెకు తీసుకున్న విజయనగరం అమ్మాయి. ఆ పిల్ల చల్లగా ఉండాలి. యూనివర్సిటీ నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే అరిచింది.

"ఆంటీ, మీ అమ్మగారు ఎప్పుడూ చెప్పే ఆస్ట్రేలియా ఫైటర్ స్క్వాడ్రన్ మీద ఎగ్జిబిషన్ పెట్టారు. కూలీల ఫోటో కూడా ఉంది!"

మా అమ్మ తన తండ్రిని చూడలేదు. తను అమ్మమ్మ కడుపులో ఉండగానే సింగపూర్ జపాను వాళ్ళ చేతికి పోయింది. అంతవరకూ తాత ఆ స్క్వాడ్రన్ విమానాలను షెడ్డులోంచి బయటికి తోసేవాడు, బాంబులు పడ్డాక రన్‌వే గోతులు పూడ్చేవాడు. ఓటమి ఖాయమయ్యాక మిగిలిన విమానాలు ఎగిరిపోయాయి, స్క్వాడ్రన్ మనుషులు ఓడెక్కారు. కూలీలను ఎవరూ ఎక్కించుకోలేదు. తాతను జపాను వాళ్ళు సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, రైలు పట్టాలు వేసే పనికి తోలుకుపోయారు. మళ్ళీ రాలేదు.

మర్నాడే అమ్మా, నేనూ, మా అమ్మాయీ వెళ్ళాం. ఫోటోలో విమానం రెక్క కింద అయిదారుగురు. ఒకాయన తలపాగా కొస ఎడమ చెవి మీదికి జారి ఉంది. అమ్మమ్మ చెప్పిన గుర్తు అదే. అమ్మ అద్దం మీద చెయ్యి ఆనించి "మా నాన్నే" అంది. ఎనభై దాటాకైనా తండ్రి ముఖం చూపించాడు దేవుడు, అంతే చాలు.

ఫోటో కింద పైలట్ పేరు ఉంది. అతని కాళ్ళ దగ్గరి కుక్క పేరు ఉంది. ఆ తరవాత, "స్థానిక కూలీలు".

"డాగ్‌కి నేమ్ ఉంది, ముత్తాతకి లేదా? టూ మచ్ లా!" అంది మా అమ్మాయి, గట్టిగానే.

అక్కడి ఉద్యోగిని మంచిది. పేరు చెప్పండి, రాయిస్తాం అంది. పోట్లాటకు సిద్ధపడ్డ మేం అమ్మ వైపు తిరిగాం.

ఆ పేరు అమ్మకు తెలియదు. పలికితే భర్తకు ఆయుష్షు తగ్గుతుందని అమ్మమ్మ పోయేదాకా పలకలేదు. వస్తాడనే బొట్టు పెట్టుకుంది. తోటివాళ్ళకు ఆయన మేస్త్రి, అంతే. బడి రికార్డుల్లో వెతుకుదామంటే అమ్మ బడికి వెళ్ళలేదు. ఇంట్లోనే చదువు. కాగితాల్లో తండ్రి చోట, ఆమెను పెంచిన పొరుగింటి పెద్దాయన పేరే.

"నోరు నొక్కుకుని మా అమ్మ ఏటి కాపాడిందే?" అంది అమ్మ, ట్రైన్‌లో. "ఒక్కపాలి నా చెవిలో చెప్పుంటే ఏటి పోయేది?"

ఇప్పుడు దీపం పెట్టి "నాన్నా" అని అక్కడే ఆగిపోతుంది.

మీరు దీపం పెట్టుకున్నప్పుడు ఒక్కసారి ఆయన్ని తలుచుకోండి. తలపాగా కొస ఎడమ చెవి మీదికి జారిన, ఆ విమానం తోసిన మనిషిని.