కిటికీ పక్క ప్లగ్గు

పొద్దున మా లింగంపల్లి ఇంట్లో టక్‌మని చప్పుడైంది. ఫ్యాను నెమ్మదించింది, ఫ్రిజ్ మూలుగు ఆగిపోయింది. తడి చేతులు తుడుచుకుంటూ మీటరు బోర్డు దగ్గరికి వెళ్తుంటే నర్సింహన్న గుర్తొచ్చాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనున్న మాదాపూర్ లేడీస్ హాస్టల్‌కు వచ్చే ఎలక్ట్రీషియన్ ఆయన. మొత్తం మీద ఆయనతో నాలుగుసార్లు మాట్లాడి ఉంటాను. ఎవరైనా పలకరిస్తే తప్ప నోరు విప్పని నాకు అదే ఎక్కువ.

ఆ హాస్టల్ ఒకప్పుడు మామూలు ఫ్లాట్. హాలు మధ్యలో ప్లైవుడ్ గోడ కట్టి రెండు గదులు చేశారు. ఒకదాంట్లో మేం ముగ్గురం. పక్కదాంట్లో, కరీంనగర్ నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన స్వప్నతో కలిపి ఇంకో ముగ్గురు. ఒకే వారంలో రెండుసార్లు, సరిగ్గా ఆఫీసుకు బయల్దేరే వేళ, రెండు గదుల ట్రిప్ స్విచ్చులూ పడి కరెంటు పోయింది. గుంటూరు నుంచి వచ్చిన వార్డెన్ ఆంటీ గదులు వెతికితే స్వప్న మంచం కింద నీళ్లు కాచుకునే హీటర్ రాడ్ దొరికింది. దాన్ని పట్టుకెళ్లింది. కానీ ఆ రెండుసార్లూ, కరెంటు పోయిన క్షణంలోనే, నేను కిటికీ పక్క ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెట్టాను. గదిలో ఇస్త్రీ చేయకూడదని గోడ మీద కాగితం అంటించి ఉంది. రాడ్డే కారణమైతే బాగుండునని మర్నాడు మళ్లీ పెట్టి చూశాను. మళ్లీ పోయింది. ఇస్త్రీపెట్టెను సూట్‌కేసులో దాచేసి, జరిగింది డైరీలో రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. స్వప్న దగ్గర ఇంకో రాడ్ ఉందని ఆంటీ తేల్చేసింది. ఆదివారానికల్లా ఖాళీ చేయమంది. సోమవారం ఆ అమ్మాయికి ఇంటర్వ్యూ.

శనివారం నర్సింహన్న వచ్చాడు.

“ఆ ట్రిప్ స్విచ్చులు పీకేసి డైరెక్టుగా ఇచ్చేయవయ్యా నర్సింహా. ఈ గోల పడలేకపోతున్నాను,” అంది ఆంటీ.

“నేనియ్య మేడం. బాత్రూముల గీజర్లున్నయ్. రేపు ఏ పిల్లకన్న షాక్ కొడితే మీరు జవాబిస్తరా, నేనిస్తనా?”

తర్వాత కారిడార్‌లో నిలబడ్డ మా ఆరుగురి వైపు తిరిగాడు. “కరెంటు పోయినప్పుడు ఎవరు ఏం పెట్టిన్రు?”

ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. స్వప్న నేల చూపులు చూస్తోంది.

“తప్పు చెప్పమంటలేను బిడ్డా, ప్లగ్గు చెప్పమంటున్న. లేకుంటే బోర్డులన్ని విప్పాల్నా ఏంది?”

గదిలోకి వెళ్లి ఇస్త్రీపెట్టె తెచ్చి ఆయన చేతికిచ్చాను. “మూడుసార్లూ ఇదే. కిటికీ పక్క ప్లగ్గు.”

“నువ్వా!” అంది ఆంటీ.

నర్సింహన్న మా ఇద్దరి మొహాలూ చూడలేదు. పెట్టెను తలుపు పక్క ప్లగ్గులో పెట్టాడు, వేడెక్కింది. కిటికీ పక్కన పెట్టాడు. రెండు గదుల ట్రిప్ స్విచ్చులూ ఒకేసారి పడ్డాయి. “పెట్టె మంచిగనే ఉంది,” అని మెయిన్ ఆపి బోర్డు విప్పాడు. గోడ కట్టినప్పుడు ఎవరో ఆ ప్లగ్గుకు కరెంటు తెచ్చే ఫేజ్ వైరు మా గది లైన్ నుంచి, దాన్ని వెనక్కి తీసుకెళ్లే న్యూట్రల్ వైరు స్వప్న వాళ్ల గది లైన్ నుంచి ఇచ్చారు.

“గీ స్విచ్చు తన లైన్ల పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానముందా అని చూస్తది,” అన్నాడు. “మీ దిక్కుకెల్లి పోయింది వాళ్ల దిక్కుకెల్లి తిరిగొస్తున్నది. ఎటో లీకైందనుకొని రెండూ పడ్తున్నయ్.”

మా లైన్ నుంచే కొత్త న్యూట్రల్ లాగి, మెయిన్ వేసి, ఇస్త్రీపెట్టె పెట్టి చూపించాడు. ఈసారి ఏమీ పడలేదు. సామాను సర్దుకుంటూ నాకు మాత్రమే వినపడేలా అన్నాడు: “జర ముందు చెప్తే ఆ బిడ్డకు ఇంత పరేషాన్ ఉండకపోవు.”

ఆంటీ నన్ను గట్టిగానే తిట్టి, స్వప్నను ఉండమంది. సోమవారం పొద్దున స్వప్న మా తలుపు తట్టి, మాటలేమీ లేకుండా ఇస్త్రీపెట్టె కోసం చెయ్యి చాపింది. ఆ తర్వాత కూడా చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అది న్యాయమే.

నేనిప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. ఏదైనా ఆగిపోయి, మీటింగులో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే నోరు విప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. అయినా చెయ్యెత్తి, అది ఆగిన క్షణంలో నేనేం చేస్తున్నానో ముందు చెప్పేస్తాను.