మా ఇంట్లో ఎన్ని పొయ్యిలు

షామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో మాది చిన్న ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఇంటికి దర్వాజ ఒకటే గాని పొయ్యిలు రెండు. ఒకటి నాది. దాని మీద వండిన అన్నం నేను, పెద్దకొడుకు, వాడి పెళ్లాం పిల్లలు తినేవాళ్లం. రెండోది చిన్నకోడలు పెరట్లో రేకుల కింద పెట్టుకున్నది.

ఎందుకు పెట్టుకున్నదో వాడంతటికీ తెలుసు. నేను బియ్యం పిడికిలితో కొలిచి పోస్తాను. మా అమ్మ అట్లాగే పోసేది. తలకు ఇంతని పోస్తే మెతుకు పారేయనక్కర లేదు, ఎవరూ పస్తు పడుకోరు. కాని చిన్నకోడలి కొడుకు పుట్టినప్పటి నుంచీ బక్కపలచన. నెలకోసారి విరేచనాలు. ఒకరోజు నల్లా దగ్గర, బిందెలు పట్టుకున్న ఆడవాళ్లందరి ముందు, "ముసల్దాని పిడికిట్ల నా కొడుకు ఎండిపోతాండు" అన్నది. మరునాడే మూడు రాళ్లు తెచ్చి వేరే పొయ్యి పెట్టింది.

అప్పటి నుంచి ఆ మాట నా వెంటే తిరిగింది. నలుగురు కూర్చున్న చోటికి నేను పోతే మాట మారిపోయేది. జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. పిల్లవాడి డొక్కలు కనబడినప్పుడు మాత్రం నా పిడికిలి వంక చూసుకునేదాన్ని. నిజంగా నా వల్లనేనా?

ఆ ఎండాకాలం, పిల్లల ఆరోగ్యం మీద పెద్ద చదువు చదువుతున్న ఒక పిల్ల కొంపల్లి నుంచి మోపెడ్ మీద వచ్చింది. దర్వాజకు త్రాసు తగిలించి, పిల్లల్ని జోలెలో కూర్చోబెట్టి తూచింది. తూచడం అయ్యాక అడిగింది. "గీ ఇంట్ల పొయ్యిలెన్ని?"

నేను నోరు తెరిచేలోపు చిన్నకోడలే అన్నది. "ఒక్కటే."

లోపల ఎంత తిట్టుకున్నా, వేరు పడ్డామని పైవాళ్లకు చెప్పుకోవడం మాకు నామోషీ. నేనూ ఊరుకున్నాను.

వానలు పడ్డాక ఆ పిల్ల మళ్లీ వచ్చింది. గడప మీద చాయ్ తాగుతుంటే అడిగాను.

"గింత మంది పిలగాండ్లను తూచి ఏం జేస్తవ్ బిడ్డా? అమ్ముతవా?"

నవ్వింది. "లెక్క గడ్తం అవ్వా. పిల్లలు ఎందుకు బక్కగుంటున్నరో ఎర్కయ్యేటందుకు."

"పెట్టేటోళ్లు సరిగ పెట్టకుంటె బక్కగుంటరు. దానికి లెక్కేంది?"

"అందరు గట్లనే అంటరు. గని సూడు, ఒక్క పొయ్యి మీద తినే పిల్లలు కొంత ఒక్క తీరుగుంటరు. ఒక్క వాడ నీళ్లు తాగే పిల్లలు గూడ కొంత ఒక్క తీరుగుంటరు. అందుకే పిల్లగాని లెక్క ఏరు, పొయ్యి లెక్క ఏరు, వాడ లెక్క ఏరు. మూడు కలిపి ఒక్కదాంట్ల కొడితె, వాడకున్న కష్టం తెచ్చి ఒక్క ఇంటి నెత్తిన రుద్దినట్టయితది."

"మరి మా వాడ?"

"మీ వాడల ఏ పొయ్యి పిల్లలను సూసినా జర తక్కువనే తూగుతున్నరు. మీ నల్లా పైపు మురుగు మోరిలకెల్లి వస్తాంది. నీళ్ల మీదనే అనుమానం, ఇంక రుజువు గాలె."

నేను గ్లాసు కింద పెట్టాను. "అయితె మా చిన్నోని కొడుకు సంగతి జెప్పు. గీ బక్కతనంల వాడ పాలెంత, నా పిడికిలి పాలెంత?"

తల అడ్డంగా ఊపింది. "అది జెప్పరాదు అవ్వా. గీ లెక్క అన్ని ఊర్ల పొయ్యిలను కలిపి మాట్లాడ్తది. ఒక్క పిల్లగాన్ని పట్టుకోని, ఫలానోళ్ల వల్లనే అని జెప్పదు."

"గింత లెక్క గట్టి గదే జెప్పకపోతె ఎట్ల మరి?"

నాకు నీరసం వచ్చింది. ఇన్నాళ్లు మోసిన మాటను దించుకునే చోటు అక్కడా దొరకలేదు.

ఆ పిల్ల కాగితాలు తీసింది. "పొయ్యి లెక్క తప్పు పోతె అంతా తప్పు పోతది. అందుకే అందరిని మల్ల అడుగుతున్న. మీది ఒక్కటేనా?"

తలుపు చాటున బియ్యంలో రాళ్లు ఏరుతున్న చిన్నకోడలు పలికింది. "రెండు రాస్కో అక్కా. ఏరు పడి చాన దినాలాయె. పెరట్ల నా పొయ్యి. నా చేతులతోనే కడుపు నిండ పెడుతున్న. అయినా వానికి కండ వడ్తలేదు."

నా వంక చూడలేదు. నేనూ చూడలేదు. గెలిచినట్టేమీ అనిపించలేదు. వాడి డొక్కలు అట్లాగే ఉన్నాయి కదా.

పైపు బాగయ్యేదాకా నీళ్లు కాచి చల్లార్చి తాగమని చెప్పి ఆ పిల్ల పోయింది. సాయంత్రం చిన్నకోడలు గంజు నిండా నీళ్లు తన పొయ్యి మీదికి ఎత్తుతుంటే నాకు ఒళ్లు మండింది.

"రెండు పొయ్యిల మీద రెండుసార్లు కాగవెడితె కట్టెలు యాడికెల్లి వస్తయే? గా గంజు ఇటు తే. నా దాని మీద ఒక్కపారే మరుగుతయి."

"నీళ్లు గూడ పిడికిలితోనే కొలుస్తవా అత్తా?" అన్నది. అన్నది గాని, గంజు తెచ్చింది.

చలికాలంలో ఆ పిల్ల వచ్చి అదే ప్రశ్న అడిగింది.

"నీళ్లకు ఒక్కటి, బువ్వకు రెండు" అని చెప్పాను.

అట్లా రాసుకోవడానికి కాగితంలో జాగా లేదట. కలం పట్టుకుని ఆలోచిస్తూ కూర్చున్నది.

"నీకెట్ల నచ్చితె గట్ల రాస్కో బిడ్డా, నాకు ఓపిక లేదు" అని, బియ్యం కొలవడానికి లోపలికి పోయాను.