నేను ఎక్కని కారులోని అంకెలు

మా వీధిలో ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్లి పుస్తకం పట్టుకునేదాన్ని. భయంతో కాదు, విసుగుతో. ఇప్పటికీ అలాంటి నమ్మకాలేవీ నాకు లేవు. అందుకే కిందటి వేసవిలో జరిగింది ఎవరికీ చెప్పలేదు. డైరీలో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

అనకాపల్లిలో మా అన్నయ్యకు కార్ల షెడ్డు ఉంది. ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో ఉన్న కార్లకు ఇంకా పెద్ద టర్బో బిగించి ఇంజిన్ బలం పెంచుతాడు. అలా మార్చాక లోపలికి వెళ్లే గాలి, పెట్రోలు పాళ్లు తప్పే ప్రమాదం ఉంది. ఒక పాలు పెట్రోలుకు ఎన్ని పాళ్ల గాలి పోతోందో చూపే చిన్న మీటరు ముందు సీట్ల ఎదురుగా పెడతాడు. యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు అది పన్నెండు దాటకూడదు. పదమూడు దాటినా తొక్కుతూనే ఉంటే పిస్టన్లు కరిగిపోవచ్చు.

తొక్కేవాడికి మీటరు చూసే తీరిక ఉండదు. ఆ పని నాది. నలుగురిలో నోరు విప్పలేని నేను ఆ పక్క సీట్లో మాత్రం గట్టిగా మాట్లాడేదాన్ని. నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకొని అంకెలు రాసేదాన్ని. అంకె పైకి పోతే "కాలు తీసీ" అనేదాన్ని. ఎందుకని అడక్కుండా అన్నయ్య తీసేసేవాడు. రెండేళ్లు అది నా సీటు.

తర్వాత మా మేనత్త కూతురు లావణ్య వదిన వచ్చింది. గాజువాకలో ఇదే పని నేర్చుకుంది. ఆవిడ ల్యాప్‌టాప్‌కీ కారుకీ ఒక వైరు తగిలిస్తే అంకెలన్నీ అదే రాసుకుంటుంది.

"ఏటి బావా, ఈ పిల్ల సేత ఇంకా సేత్తో రాయిత్తన్నావా? కాపీ రైటింగు క్లాసేటి ఇది?" అంది నా నోట్‌బుక్ తిరగేస్తూ.

"దాని దస్తూరీ బాగుంటాదే. నీ రాత నువ్వే సదుక్కోలేవు," అన్నాడు అన్నయ్య.

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు డైరీ పేజీ నిండా ఆవిడే. జుట్టు ముడి వేసుకునే తీరు, గ్రీజు అంటినా చక్కగా కనిపించే వేళ్లు, బావా అనే పిలుపులో ఆ చనువు.

ఒక మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి వచ్చిన ఒకాయన కారుకు పని పూర్తయింది. బెల్లం లారీలు పలచబడ్డాక రోడ్డు మీద నడిపి చూడాలి. అలవాటుగా ముందు తలుపు తీశాను. సీట్లో వదిన ల్యాప్‌టాప్ ఉంది.

"నువ్వు షెడ్డు సూసుకోవే, పది నిమిషాల్లో వచ్చెత్తాం," అన్నాడు అన్నయ్య.

బయట స్టూలు మీద కూర్చుని నోట్‌బుక్ తెరిచాను. టైము వేశాను: రెండూ నలభై. దాని పక్కన "ఈ రోజు చెడిపోవాలి" అని రాశాను. సిగ్గుగానే ఉంది, కానీ రాశాను. ఆవిడ కూర్చున్న మొదటి రోజే మీటరు అదుపు తప్పాలని కోరుకుంటూ కింద అంకెలు వేశాను. 11.6. 11.8. 12.4. 13.3. 14.1.

అక్కడ పెన్ను ఆగింది. ఆ వెంటనే "కాలు తీసీ, అన్నయ్యా" అని రాశాను. నోరు మాత్రం తెరవలేదు. ఎదురుగా టీ కొట్టు దగ్గర నలుగురున్నారు, నేను అరిచి ఉంటే తిరిగి చూసేవారు.

కారు మెల్లగా తిరిగొచ్చింది. అన్నయ్య ముఖం పాలిపోయి ఉంది. బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగానే అగరుబత్తి వెలిగించి గాలి గొట్టాల వెంట పొగ పట్టాడు. ఎక్కడ లీకుందో అతను వెతికే పద్ధతి అది. గాలి సెన్సరుకీ టర్బోకీ మధ్య అతుకు దగ్గర పొగ వంగి లోపలికి పోయింది. గొట్టాన్ని బిగించి పట్టుకునే క్లాంపు వదులైంది. సెన్సరు కొలవని గాలి అటునుంచి దూరుతుంటే కంప్యూటరు దానికి తగ్గ పెట్రోలు పంపలేదు. అంతవరకూ వింతేమీ లేదు.

వదిన ల్యాప్‌టాప్ మా వైపు తిప్పింది. రెండూ నలభైకి మొదలైన వరుస. 11.6, 11.8, 12.4, 13.3, 14.1. ఆ తర్వాత అన్నయ్య కాలు తీసేశాడు.

నోట్‌బుక్ మూసి వీపు వెనక పెట్టుకున్నాను.

"ఇంజిన్ బతికిందంటే నీ వల్లేనే," అన్నాడు అన్నయ్య వదినతో. "కాలు తీసీ అని నువ్వు అరవకపోతే ఇంకా తొక్కేద్దును."

"నేనెక్కడ అరిసేను బావా? నువ్వు తీసేకే తలెత్తి సూసేను."

"ఊరుకో. సెవి పక్కనే ఇన్నాను. పైగా అన్నయ్యా అన్నావు. కంగారులో వరస కూడా మర్సిపోతే ఎలాగే?"

అన్నయ్య పగలబడి నవ్వాడు. వదిన నవ్వలేదు. నా వైపు ఒకసారి చూసి, వైర్లు చుట్టుకోవడంలో పడింది.

ఏదో అలా కలిసొచ్చిందనుకోవాలని చాలా ప్రయత్నించాను. రెండేళ్లు రాసిన చెయ్యి కదా, ఊహించి ఉంటుందని కూడా అనుకున్నాను. కానీ ఐదు అంకెలూ చుక్క తర్వాతి అంకెతో సహా ఎలా కలిశాయి? మరి ఆ గొంతు?

ఆ సీటు ఇప్పుడు వదినదే. ఇంజిన్ కాపాడిన పేరూ ఆవిడదే. షెడ్డుకు వచ్చిన ప్రతివాళ్లకీ అన్నయ్య ఆ సంగతి చెబుతాడు, నేను పక్కనే నిలబడి వింటాను. నోట్‌బుక్ చూపిస్తే ఒక్క నిమిషంలో ఆ పేరు నాదవుతుంది. కానీ అన్నయ్య టైము పక్కన నేను రాసిన మాట కూడా చదువుతాడు.

ఆ కారును చెడగొట్టింది నేనా, ఆపింది నేనా? ఈ రోజుకీ నాకు తెలియదు.